చిన్న ఇంట్లో రైలు పట్టదన్నది ఒట్టి మాట

నమూనా రైళ్ల గురించి మనవాళ్లలో ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. దానికి పెద్ద హాలు ఉండాలి, లేకపోతే ఆ ఊసే ఎత్తకూడదు. హాలు లేనివాడు ఒక ప్లైవుడ్ షీటు కొని, దాని మీద పట్టాలు గుండ్రంగా బిగించి, బండిని చుట్టూ తిప్పుకుని అంతటితో సరిపెట్టుకోవాలి. చెన్నై ఫ్లాట్లలో ఉండేవాళ్లూ ఇదే అంటారు, సూళ్లూరుపేటలో సొంత ఇల్లున్నవాళ్లూ ఇదే అంటారు. తడలో ఎవరి దగ్గర ఈ ప్రస్తావన తెచ్చినా మొదట వచ్చే జవాబు ఒకటే: "చోటెక్కడుందన్నా?"

ఈ అభిప్రాయం మొదలంటా తప్పు. చోటు చాలని కష్టాన్ని తెచ్చిపెట్టేది రైలు కాదు, ఆ గుండ్రం. బండి ఎంత దూరం తిరుగుతుందన్న లెక్క మానేసి, ఒక స్టేషన్లో ఏమేం పనులు జరుగుతాయన్న లెక్కతో ప్లాను గీస్తే 8 అడుగుల గోడ చాలు. తడ లాంటి చిన్న స్టేషన్ ఆ గోడ మీద దర్జాగా నిలబడుతుంది. ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. అంకెలు చూడండి.

ముందు గుండ్రం సంగతి తేల్చేద్దాం. మన బ్రాడ్‌గేజ్ లైన్ల మీద ఒప్పుకునే అతి గట్టి మలుపు 10 డిగ్రీలది, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతు కొలతలో, ఆ మలుపు 2 మీటర్ల వ్యాసార్ధానికి వస్తుంది. పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే అడ్డంగా 4 మీటర్లు, 13 అడుగుల పైచిలుకు కావాలి. అందరూ కొనే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షీటులో పట్టేది మహా అయితే 22 అంగుళాల వ్యాసార్ధం. అసలు కొలతలో అది 49 మీటర్లు కూడా కాదు. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె పొడవు 21 మీటర్ల పైమాటే. హెచ్‌ఓలో 24 సెంటీమీటర్లు దాటుతుంది. అంత పొడవు పెట్టె అంత గట్టి మలుపులో పడితే మధ్యభాగం లోపలికి జరిగి, కొసలు పట్టాల బయటికి పొడుచుకొస్తాయి. పక్కపక్క పెట్టెల మూలలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. చూసేవాడికి అది రైలులా అనిపించకపోతే తప్పు వాడి కంటిది కాదు.

కాలం లెక్క కూడా చూడండి. ఆ షీటు మీద ఒక చుట్టు సుమారు 6 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగించి బండిని నడిపితే 17 సెకన్లలో చుట్టు పూర్తవుతుంది. గూడూరు వైపు వెళ్లిన ఎక్స్‌ప్రెస్ 17 సెకన్లకల్లా వెనకనుంచి మళ్లీ అదే ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది. పది నిమిషాల్లో 35 సార్లు. పిల్లలకు విసుగు పుడుతుందనీ, కొన్న వారానికే డబ్బా అటక ఎక్కుతుందనీ చెబుతుంటారు. ఎందుకు ఎక్కదు? ఆ బండికి వెళ్లే ఊరు లేదు, ఆగాల్సిన కారణం లేదు, ఎదురుచూసేవాడికి పని లేదు. పిల్లవాడి ఆసక్తి నిలవలేదని తప్పు వాడి మీదికి నెట్టేస్తారు. ఆ ప్లానులో ఆసక్తి నిలవడానికి ఏముందని ఎవరూ అడగరు.

ఇప్పుడు అదే షీటును కోత మిషన్ దగ్గరికి తీసుకెళ్లి పొడవునా అడుగు వెడల్పున నాలుగు పలకలుగా కోయించండి. ఒకదాని కొసకు ఒకటి చేరిస్తే 32 అడుగులు, 9.75 మీటర్లు. హెచ్‌ఓ కొలతలో 848 మీటర్ల రైలుమార్గం. 160వ వంతు ఎన్ స్కేలులో అయితే కిలోమీటరున్నర దాటుతుంది. చెక్క అదే, పెట్టిన డబ్బు అదే. మొదటి పద్ధతిలో దాని మధ్యభాగమంతా ఏ పనీ లేని ఖాళీ. రెండో పద్ధతిలో అంగుళం అంగుళం పట్టాకు దక్కుతుంది. చోటు చాలదని గోడు వెళ్లబోసుకునేవాళ్లు తమ చేతిలో ఉన్న చోటును ఎలా పారేస్తున్నారో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

నేల మీద లెక్క ఇంకా కఠినం. 4 అడుగుల వెడల్పు బల్లను గోడకు ఆనిస్తే వెనక వైపు చెయ్యి అందదు. పట్టా తప్పిన వ్యాగన్ను ఎత్తాలంటే ముందూ పక్కలా నడిచే దారి వదలాలి. రెండేసి అడుగుల దారి మూడు వైపులా వదిలితే బల్ల, దారి కలిపి 72 చదరపు అడుగులు. చిన్న ఇంట్లో అది ఒక పడకగదిలో సగానికి పైనే. ఇంట్లోవాళ్లు ఒప్పుకోరంటే అందులో వాళ్ల తప్పేముంది? అడుగు వెడల్పు పలకను గోడకు బ్రాకెట్లతో ఛాతీ ఎత్తున బిగిస్తే దాని కింద చదువుకునే బల్ల ఉంటుంది, మంచం ఉంటుంది, బీరువా ఉంటుంది. నేల మీద ఒక్క అంగుళం పోదు. పైగా బండి కంటి మట్టానికి దగ్గరగా వస్తుంది కాబట్టి మనం ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసినట్టు కనిపిస్తుంది, విమానంలోంచి చూసినట్టు కాదు.

అసలు రైల్వే ఆకారమే అది. చెన్నై సెంట్రల్ నుంచి గూడూరు దాకా సుమారు 138 కిలోమీటర్లు. గుమ్మిడిపూండి, ఎళావూరు, ఆరంబాకం దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టగానే తడ, ఆ తర్వాత అక్కంపేట, సూళ్లూరుపేట. ఈ లైనంతా పులికాట్ సరస్సుకు పడమర పక్కన చదునైన నేల మీద సన్నని పట్టీలా సాగుతుంది. ఎక్కడా గుండ్రంగా తిరిగి మొదటికి రాదు. స్టేషన్ దగ్గర ఆ పట్టీ కాస్త వెడల్పవుతుంది, స్టేషన్ దాటగానే మళ్లీ సన్నబడుతుంది. పొడవుగా, సన్నగా ఉన్నదాన్ని చిన్నదిగా చేయాలనుకున్నప్పుడు చతురస్రం వైపు చూడటం దేనికి? గోడ పొడవునా సాగే పలక దాని సొంత రూపం.

"పెద్ద హాలు ఉంటే అన్నీ యథాతథంగా చేయవచ్చు కదా" అనేవాళ్లకు ఒక ప్రశ్న. ఎంత హాలు? ఆ 138 కిలోమీటర్లను హెచ్‌ఓలో పరిస్తే కిలోమీటరున్నర దాటుతుంది. 22 ఎల్‌హెచ్‌బీ పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఒక్కటే ఇంజనుతో కలిపి 6.3 మీటర్లు. మన స్టేషన్లలో లూప్ లైనుకు, అంటే ఒక బండి ఆగి ఇంకోదానికి దారి ఇచ్చే పక్క పట్టాకు, ఉండాల్సిన ప్రామాణిక నిలుపు పొడవు 686 మీటర్లు; హెచ్‌ఓలో దాదాపు 8 మీటర్లు. అన్నీ యథాతథంగా చేయగలిగినంత చోటు ఈ భూమ్మీద ఏ ఇంట్లోనూ లేదు. కోటీశ్వరుడైనా ఎంచుకోవాల్సిందే, వదులుకోవాల్సిందే. కాబట్టి తేడా చోటున్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య లేదు. ఏది ఉంచాలో తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ మధ్య ఉంది.

పెద్ద హాలు వాదం వినిపించేవాళ్లు ఎప్పుడూ రెండు ఉదాహరణలు చూపిస్తారు. ఒకటి 2001లో జర్మనీలోని హాంబర్గ్‌లో బ్రౌన్ సోదరులు తెరిచిన మినియాటుర్ వుండర్‌లాండ్. రెండోది పుణెలో 1998లో మొదలైన జోషీ వారి మినియేచర్ రైల్వే మ్యూజియం. రెండూ గొప్పవే. అయితే అవి ప్రదర్శనశాలలు. టికెట్ కొని వచ్చిన జనం ఎదుట ఏదో ఒక బండి ఎప్పుడూ కదులుతూ ఉండాలి. చూసేవాడు ముందుకు సాగిపోతాడు, ఇంకొకడు వస్తాడు. అందుకే అక్కడ బండ్లు ఎడతెగకుండా తిరుగుతాయి. ఇంట్లో చూసేవాడూ నడిపేవాడూ ఒక్కడే, రేపూ ఎల్లుండీ వాడే. ప్రదర్శనశాల అవసరాన్ని ఇంటికి తెచ్చి పెట్టుకోవడంలోనే పొరపాటంతా మొదలైంది.

ఇంటి అవసరం నుంచి ఆలోచించినవాళ్లు ఏం చేశారో చరిత్రలో ఉంది. బ్రిటన్‌లో 'రైల్వే మోడలర్' పత్రికను ఏళ్ల తరబడి నడిపిన సిరిల్ ఫ్రీజర్ ఇరుకు ఇళ్ల కోసమే ప్లాన్లు గీశాడు. 1957లో ఆయన ప్రకటించిన 'మైనోరీస్' అనే చిన్న నగర టెర్మినస్ ప్లానును ఇప్పటికీ జనం కడుతూనే ఉన్నారు. అదే దేశంలో ఆలన్ రైట్ 'ఇంగిల్‌నూక్ సైడింగ్స్' అనే లేఅవుట్ చేశాడు. అందులో మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు), రెండు పాయింట్లు (పట్టా చీలే చోట్లు), ఒక ఇంజను, ఎనిమిది వ్యాగన్లు. ఒక సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఎనిమిదిలో ఐదింటిని చీటీలు తీసి, చీటీల వరసలోనే బండి కట్టాలి. ఇంజను నిలిచే కొస పట్టాలో ఇంజను కాక మూడు వ్యాగన్లకు మించి చోటు ఉండదు కాబట్టి ప్రతి కదలికా ఆలోచించి వేయాలి. వరసలు ఎన్ని? 8ని 7తో, 6తో, 5తో, 4తో హెచ్చించండి: 6,720. రోజుకొకటి చొప్పున ఆడినా 18 ఏళ్లు పడుతుంది. మన బాక్సెన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, ఎన్ స్కేలులో 67 మిల్లీమీటర్లు. ఆ కొలతతో ఈ లేఅవుట్ మొత్తం మూడడుగుల పలకలో ఒదుగుతుంది. చుట్టూ తిరిగే 6 మీటర్ల పట్టాలో ఆట ఒక్కటే. ఈ మూడడుగుల్లో ఆరు వేల పైచిలుకు.

అమెరికాలో మాంటెరేలో ఉన్న జాన్ ఆలెన్ 'గోరీ అండ్ డెఫీటెడ్' అనే భారీ లేఅవుట్‌తో ప్రపంచ ప్రసిద్ధుడు. ఆయన పేరు చెప్పి పెద్దదే గొప్పది అంటారు. ఆ జాన్ ఆలెనే 1972లో 'టైమ్‌సేవర్' అనే, వ్యాగన్లను అటూ ఇటూ మార్చే చిన్న షంటింగ్ పలకను పరిచయం చేశాడు. పెద్ద లేఅవుట్ ఉన్నవాడికీ చివరికి ఆట పుట్టింది పాయింట్ల దగ్గరే. జపాన్ సంగతి మరీ స్పష్టం. ఇరుకు ఇళ్ల దేశం. 1965లో కాటో సంస్థ 9 మిల్లీమీటర్ల పట్టా మీద సి50 ఇంజనుతో మొదలుపెట్టి ఇంటింటికీ రైలును చేర్చింది. చోటు లేదని ఆ దేశం ఈ సరదాను వదులుకోలేదు, ప్రపంచంలో ముందువరసలో నిలబడింది.

అంత దూరం పోనక్కర్లేదు. మన రైల్వేనే చూడండి. సికింద్రాబాదు మౌలాలీలో ఉన్న జోనల్ రైల్వే శిక్షణ సంస్థలో మోడల్ రూమ్ ఉంది. స్టేషన్ మాస్టర్ కాబోయేవాడు అక్కడ చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్ల మీద బండ్లను తీసుకోవడం, పంపడం నేర్చుకుంటాడు. లైన్ క్లియర్ అడగడం, ఇవ్వడం, పాయింట్లు సరిచూడటం, సిగ్నల్ దించడం: ఇదీ అక్కడి చదువు. రైల్వే తన మనుషులకు రైలు అంటే ఏమిటో చెప్పడానికి చిన్న నమూనాలను వాడుకున్నప్పుడు, వాటితో నేర్పింది స్టేషన్ పనిని. మనం ఇంట్లో ఎందుకు వేరేగా అనుకోవాలి?

ఇక తడ దగ్గరికి వద్దాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరు తీరపు ఊరిగానే జనం మనసులో ఉంది. ఈ ఊరి మీదుగా రోజంతా ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా దూసుకుపోతాయి. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా నడిచే లోకల్ బండ్లు ఆగుతాయి. శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనులకు వచ్చేవాళ్లు దిగుతారు. ఆ శ్రీసిటీలోని ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో తయారైన మెట్రో పెట్టెలు చెన్నై, కొచ్చి, లక్నోల్లోనే కాదు, సిడ్నీలో కూడా నడుస్తున్నాయి. అసలు సైజు రైళ్లను ప్రపంచానికి పంపే చోట, ఇంట్లో చిన్న రైలు అసాధ్యమని నమ్ముతూ కూర్చోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇలాంటి దారిలోని స్టేషన్‌ను 8 అడుగుల పలక మీద ఎన్ స్కేలులో ఎలా పెట్టవచ్చో చెబుతాను. 8 అడుగులంటే 244 సెంటీమీటర్లు. రెండు కొసల్లో 60 సెంటీమీటర్ల చొప్పున చాటు. మధ్యలో కనిపించేది 4 అడుగులే. ఎడమ కొస చెన్నై, కుడి కొస గూడూరు. రెండు మెయిన్ లైన్లు, గూడూరు వైపు వెళ్లే లైనుకు ఒక లూప్, లూప్ నుంచి ఒక పొట్టి సైడింగ్. పాయింట్లు మొత్తం మూడు. మన దేశంలో రెండు లైన్ల మార్గంలో బండి ఎడమ లైను పట్టుకుంటుంది కాబట్టి ఏ బండి ఎటు నుంచి రావాలో దాన్నిబట్టే తేలిపోతుంది. లైనుకూ లైనుకూ మధ్య 5.3 మీటర్లు వదిలితే పలక మీద 33 మిల్లీమీటర్లు. మెయిన్ లైన్లు రెండూ, లూప్, సైడింగ్ కలిసి 10 సెంటీమీటర్లలో సర్దుకుంటాయి. 30 సెంటీమీటర్ల వెడల్పులో ఇంకా 20 సెంటీమీటర్లు ప్లాట్‌ఫాంలకు, స్టేషన్ భవనానికి, చెట్లకు, పొలానికి మిగులుతుంది. ఇరుకు ఎక్కడ?

బండ్లు ఈ కొలతకు తగినవి ఎంచుకోవాలి. డబ్ల్యూఏజీ-9 ఇంజను 13 సెంటీమీటర్లు, ఐదు బాక్సెన్ వ్యాగన్లు 34, బ్రేక్ వ్యాన్ కలిపితే 56 లోపే గూడ్స్ బండి. చాటులో పడుతుంది, లూప్‌లో పడుతుంది. ఎక్స్‌ప్రెస్‌కు ఇంజనూ మూడు ఎల్‌హెచ్‌బీ పెట్టెలూ 57 సెంటీమీటర్లు. లోకల్‌కు మూడు పెట్టెలు 39. మూడు పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఎక్కడైనా ఉందా అని అడిగేవాళ్లుంటారు. 22 పెట్టెలు ఇంజనుతో కలిపి ఎన్ స్కేలులోనూ 3.4 మీటర్లవుతాయని వాళ్లు మరచిపోకూడదు. ప్లాట్‌ఫాం, లూప్, బండి మూడూ ఒకే పాళ్లలో తగ్గితే కన్ను ఒప్పుకుంటుంది. ఒకటి తగ్గించి మరొకటి తగ్గించకపోతేనే ఎబ్బెట్టు.

చాటు కొసల్లో చేయాల్సిన ఏర్పాటు ఒక్కటే. అరవై సెంటీమీటర్ల పొడవు ట్రేలు, ఒక్కో ట్రే మీద ఒక్కో పట్టా. బండి ట్రే మీదికి వచ్చి ఆగాక ట్రేనంతా రెండు చేతులతో ఎత్తి, ముందు వెనకలు మార్చి, రెండో లైనుకు ఎదురుగా పెడితే అదే బండి చెన్నై వైపు వెళ్లే బండిగా తిరిగి వస్తుంది. గుండ్రం చేసే పనిని ఈ ట్రే చేసేస్తుంది, ఒక్క మలుపు కూడా లేకుండా. లోకల్ బండికి రెండు కొసల్లోనూ డ్రైవర్ క్యాబ్ ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పాల్సిన పనే లేదు.

ఇప్పుడు ఒక అరగంట ఊహించండి. గూడ్స్ చెన్నై వైపు నుంచి నెమ్మదిగా వచ్చి లూప్‌లోకి తిరిగి ఆగుతుంది. పాయింట్లు మెయిన్‌కు మారతాయి, సిగ్నల్ పడుతుంది. ఎక్స్‌ప్రెస్ వస్తుంది, కనిపించే 4 అడుగులను ఆరున్నర సెకన్లలో దాటి పోతుంది. లోకల్ వస్తుంది, ఆగుతుంది, జనం దిగేంత సేపు ఉండి కదులుతుంది. అప్పుడు గూడ్స్ ఇంజను రెండు వ్యాగన్లను విడదీసి సైడింగులో పెట్టాలి. గంటకు 15 కిలోమీటర్ల షంటింగ్ వేగంతో అవే 4 అడుగులు దాటడానికి 47 సెకన్లు. మనసులో దూరం పుట్టేది ఇక్కడే: నెమ్మదిలో, ఎదురుచూపులో, ఒక బండి కోసం ఇంకో బండి దారి ఇవ్వడంలో. ఈ అరగంటలో నడిపేవాడి చేతికీ బుర్రకూ ఖాళీ ఉండదు. పక్కన ఇంకొకరుంటే ఒకరు స్టేషన్ మాస్టర్, ఒకరు డ్రైవర్. అన్నాచెల్లెళ్లకు ఇంతకంటే మంచి ఆట నాకు తెలియదు.

చిన్న చోట ప్లానును నాశనం చేసే ఇంకో నమ్మకం ఉంది: అన్నీ పెట్టాలి. కొండ, కొండలో సొరంగం, జలపాతం, సరస్సు, కొంగలు, శ్రీహరికోట రాకెట్టు, నాలుగు వీధుల ఊరు. సొరంగం లేకపోతే నమూనా రైలే కాదన్నట్టు మాట్లాడతారు. చెన్నై నుంచి గూడూరు దాకా ఒక్క సొరంగం లేదు. ఈ ప్రాంతంలో సొరంగం కావాలనుకునేవాళ్లు 2019లో ప్రారంభమైన ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను చేయవచ్చు, వెలిగొండల్లో 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది, దాని ముఖద్వారం ఒక్కటే అందమైన లేఅవుట్ అవుతుంది. తడ చేసేవాడికి మాత్రం తడ అందం చదును నేలలో ఉంది. లైను చిన్న కట్ట మీద పోతుంది. పలక ముందు అంచున పొలాన్ని పట్టాల కంటే ఒక సెంటీమీటరు దించితే ఆ కట్ట దానంతటదే ఏర్పడుతుంది. సరస్సును పలక మీద తవ్వకండి. వెనక తెర మీద సన్నని లేత నీలపు గీత చాలు. బండి చాటులోకి పోయే కంతను సరుగుడు తోపుతో, తాటిచెట్లతో కప్పవచ్చు. 18 మీటర్ల తాటిచెట్టు ఎన్ స్కేలులో 11 సెంటీమీటర్లు ఉంటుంది. చాలామంది దాన్ని నాలుగు సెంటీమీటర్లకు కుదించి పొదలా చేస్తారు. పూర్తి ఎత్తున నిలబెడితే బండి చిన్నదై, ఆకాశం పెద్దదై, చోటు పెరిగినట్టనిపిస్తుంది.

మిగతా కొలతలు కూడా చేతికి అందేవే. ఎత్తు ప్లాట్‌ఫాం పట్టా మీద నుంచి 84 సెంటీమీటర్లు. ఎన్ స్కేలులో 5 మిల్లీమీటర్ల చెక్క ముక్క సరిగ్గా సరిపోతుంది. కరెంటు స్తంభాల మధ్య దూరం గరిష్ఠంగా 72 మీటర్లు. పలక మీద 45 సెంటీమీటర్లు, అంటే కనిపించే భాగానికి మూడు స్తంభాల జతలు చాలు. కంకర 65 మిల్లీమీటర్ల రాయి; అది ఇక్కడ అర మిల్లీమీటరు కూడా కాదు, క్రషర్ పొడిని సన్నని జల్లెడలో పట్టి వాడాలి. సముద్రపు ఇసుక మాత్రం వద్దు. దానిలోని ఉప్పు తేమ పీల్చి పట్టాలనూ తీగ అతుకులనూ తినేస్తుంది. మన తీరపు గాలికి ఇనుప పట్టాలూ నిలవవు. నికెల్ సిల్వర్ పట్టాలే కొనాలి. ఈశాన్య రుతుపవనాల్లో ప్లైవుడ్ ఉబ్బుతుంది కాబట్టి నీటికి ఆగే రకం తెచ్చి, పైనా కిందా అంచులా పెయింటు పట్టించాలి. పెద్ద బల్లకు ఇవన్నీ చేయాలంటే తలకు మించిన పని. అడుగు వెడల్పు పలకకు ఒక ఆదివారం చాలు.

గేజ్ పేరుతో అడ్డుపడే శుద్ధవాదులకు కూడా జవాబు ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి ఎన్ స్కేలులో పట్టాల మధ్య పదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి, దొరికేది 9, అందుకని మన రైలును నిజాయితీగా చేయలేం అంటారు. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే ఓఓ స్కేలులో పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాల్సింది, 16.5తోనే తరతరాలు గడిపేశారు. అక్కడ ఎవరూ ఈ తేడా చూసి చేతులు ముడుచుకోలేదు. పక్కనుంచి చూసినప్పుడు కనిపించేది పెట్టె రంగు, కిటికీల వరస, బోగీ ఆకారం, పసుపు బోర్డు మీద నల్లగా రెండక్షరాల "తడ". మిల్లీమీటరున్నర తేడా కోసం ఊరినే వదులుకోవడం ఏం న్యాయం?

చివరిగా, ఇది మన సంస్కృతి కాదు, పరాయి సరదా అనే మాట. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ నొప్పిస్తుంది. తక్కువ చోటులో చిన్న లోకాన్ని నిలబెట్టడం తెలుగు ఇంటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. వసారాలో ఒక మూల చాలు. మెట్లు మెట్లుగా పైకి కట్టడంతో నేల మిగులుతుంది, వెనక వరస బొమ్మ ముందుదాని చాటున పడదు. ఊరంతా పెట్టాలని ఎవరూ పట్టుపట్టరు. ఒక బావి, ఒక గుడి, ఒక అంగడి, ఒక ఎద్దులబండి పెడితే ఊరు పూర్తవుతుంది. ఎత్తును వాడుకోవడం, ఎంచి పెట్టడం: లేఅవుట్ ప్లానులో ఇంతకంటే పెద్ద సూత్రాలు లేవు. మన బండ్లు ఎన్ స్కేలులో దుకాణంలో దొరకడం అరుదన్నది నిజమే. అయితే తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి కొండపల్లి బొమ్మలు చేసిన ప్రాంతం మనది. దొరికే చక్రాల చట్రం మీద అట్టతోనో చెక్కతోనో 13 సెంటీమీటర్ల పెట్టె కట్టుకోలేమా? చిన్న లేఅవుట్‌కు కావాల్సింది రెండు ఇంజన్లు, ఓ డజను పెట్టెలు, వ్యాగన్లు. పెద్ద హాలు కట్టుకునేదాకా ఆగేవాడు అవి కూడా ఎన్నడూ చేయడు.

చుట్టూ తిరిగే బండిని చూసి మురిసిపోయే పసివాడి ఆనందాన్ని నేను కాదనను. ఆ ఆనందం అక్కడే ఆగిపోవాలని శాసించే ప్లానును కాదంటున్నాను. అందుకే మొదటి ప్రశ్న మార్చమని అడుగుతున్నాను. "నాకెంత చోటుంది" అని మొదలుపెట్టినవాడు ఎప్పుడూ చాలదనే తేలుస్తాడు. "నా స్టేషన్లో ఏ బండి ఆగాలి, ఏది దాటిపోవాలి, ఏ వ్యాగన్ ఎక్కడ విడదీయాలి" అని కాగితం మీద రాసుకున్నవాడికి ఎన్ని పాయింట్లు కావాలో, ఎంత పొడవు కావాలో లెక్క తేలిపోతుంది, ఆ లెక్క దాదాపు ఎప్పుడూ ఇంట్లో ఉన్న గోడ కంటే పొట్టిగానే వస్తుంది. చెన్నై–గూడూరు లైను పక్కన ఉన్న బడుల్లో, సైన్సు గది గోడకు ఇలాంటి పలక ఒకటి బిగించండి. విద్యుత్తు, వేగం, నిష్పత్తి, కాలపట్టిక, ఒకరికొకరు దారి ఇచ్చే క్రమశిక్షణ, అన్నీ పిల్లలు దాని దగ్గరే నేర్చుకుంటారు. హాలు లేదన్నది ఇకమీదట ఎవరూ సాకుగా చెప్పకూడదు.